చెయ్యి కొలవనిదే పిస్టల్ ఆర్డర్ తీసుకోం: ఈ నెల నుంచి మా షాపులో మార్పులు

బెంగళూరు మారతహళ్లిలోని మా షాపుకి, పైనున్న పది మీటర్ల షూటింగ్ రేంజికి వచ్చే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి ఎయిర్ పిస్టల్ కొనడానికి వచ్చినవాళ్లకి ముందు చెయ్యి కొలిచి, మూడు సైజుల గ్రిప్‌లు (పిస్టల్ పిడులు) పట్టించి చూసి, ఆ తర్వాతే ఆర్డర్ రాసుకుంటున్నాం. పూర్తి డబ్బు ముందే ఇస్తామన్నా ఇదే పద్ధతి. దీనివల్ల కొందరు నొచ్చుకున్నారు, అడ్వాన్సు వెనక్కి తీసుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే కారణం వివరంగా రాస్తున్నాం.

శని, ఆదివారాల్లో మా కౌంటర్ దగ్గర వినిపించే వాదన ఒకటే: ఏ కంపెనీది గొప్ప? స్టైయర్ ఈవో 10 వాడేవాళ్లకి మోరిని నచ్చదు, మోరిని సీఎం162 వాడేవాళ్లు ఇంకోదాన్ని ముట్టుకోరు. మధ్యలో వాల్తర్ ఎల్‌పీ500, పార్దిని కే12, ఫైన్‌వెర్క్‌బావ్ పీ8ఎక్స్ అభిమానులు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. మా మాట మాత్రం ఇది: ఈ ఐదింట్లో దేన్నైనా బల్లకి బిగించి, సరిపడే పెల్లెట్ (చిన్న గుండు) వేసి కాలిస్తే దెబ్బలన్నీ టార్గెట్ నడిమధ్యనున్న పదో వలయంలోనే, అంటే పది పాయింట్ల దాంట్లోనే పడతాయి. ఆ వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. తేడా వచ్చేది పిస్టల్ చేతిలోకి వచ్చాకే.

లెక్క చూడండి. గురి చూడటానికి పిస్టల్ మీద ఉండే ముందు సైటుకీ, గాడి ఉన్న వెనక సైటుకీ మధ్య దూరం సుమారు 320 మిల్లీమీటర్లు అనుకుందాం. చెయ్యి మొత్తం పక్కకి 10 మిల్లీమీటర్లు ఊగినా, రెండు సైట్లూ ఒకే వరసలో ఉంటే దెబ్బ కూడా 10 మిల్లీమీటర్లే జరుగుతుంది. తొమ్మిది పాయింట్లు వస్తాయి. అదే మణికట్టు తిరిగి, వెనక సైటు గాడిలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి పోతే, పది మీటర్ల దూరంలో దెబ్బ 31 మిల్లీమీటర్లు తప్పుతుంది. అంటే ఏడు. అంతకంటే కాస్త ఎక్కువైతే ఆరు. చెయ్యి ఊగకుండా ఆపడం ఎవరివల్లా కాదు. సైట్ల వరస చెడకుండా చూడటం మాత్రం సాధ్యమే, అందులో సగానికి పైగా పని గ్రిప్‌ది. లక్షలు పోసి పిస్టల్ కొని, దాంతో వచ్చిన చెక్క గ్రిప్‌ని అలాగే పట్టుకుని ఏడులు కొడుతుంటే మాకే బాధగా ఉంటుంది.

గ్రిప్ చేతికి కుదిరిందో లేదో ఇంట్లోనూ పరీక్షించుకోవచ్చు. పెల్లెట్ లేదని చూసుకుని, తెల్ల గోడ ముందు మామూలుగా నిలబడే తీరులో నిలబడండి. కళ్లు మూసుకుని చెయ్యెత్తి, అది కుదురుకున్నాక కళ్లు తెరవండి. ముందు సైటు గాడి మధ్యలో ఉండాలి, పైఅంచులు రెండూ సమంగా ఉండాలి. పదిసార్లు చేస్తే పదిసార్లూ ఒకే పక్కకి పోతోందంటే తప్పు మీది కాదు, చెక్కది. ముందు సైటు కిందికి వాలుతోంటే చాలా మోడళ్లలో గ్రిప్ స్క్రూ వదులు చేసి కోణం మార్చవచ్చు. పక్కకి పోతోంటే అరచేతి దగ్గర చెక్క తీయాలి, లేదా పుట్టీ కలపాలి.

పుట్టీ అంటే రెండు భాగాలు కలిపే ఎపాక్సీ రకం. ఒక్కో పొర ఒకటి, రెండు మిల్లీమీటర్లకి మించకూడదు. పైన పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి గట్టిగా పట్టుకుంటే మీ అరచేతి అచ్చు పడుతుంది. ఒక రోజంతా ఆరనిచ్చి 80 నంబరు, తర్వాత 180 నంబరు ఎమరీ కాగితంతో రుద్దాలి. దయచేసి వార్నిష్ వేయొద్దు, చెమట పట్టగానే జారుతుంది. అందరూ మరిచిపోయేది ఇంకోటుంది. పోటీ నియమాల ప్రకారం పిస్టల్ మొత్తం 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. అరచేతి పక్కన, బొటనవేలి పక్కన పుట్టీ కలుపుతూ పోతే 50 దాటుతుంది, పోటీకి ముందు జరిగే పరికరాల తనిఖీలో (ఎక్విప్‌మెంట్ కంట్రోల్) ఆపేస్తారు. అక్కడ రంపం దొరకదు, టైమూ ఉండదు. ప్రతి పొరకీ కాలిపర్‌తో కొలవండి.

చూపుడువేలు చెక్కకి తగలకూడదు, రెండు మిల్లీమీటర్ల సందైనా ఉండాలి. తగిలితే ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా చెక్కని కూడా తోస్తుంది, కుడిచేతివాళ్ల దెబ్బలు ఎడమకి పోతాయి. ఇలాంటప్పుడు వెనక సైటు తిప్పి సరిచేయమని మా దగ్గరికి తెస్తారు. సైటు తిప్పితే ఆ రోజుకి సరిపోతుంది, మర్నాడు వేలు ఇంకోలా పడితే మళ్లీ మొదటికొస్తుంది. అరచేతి కింది పలక కూడా మరీ బిగుతుగా పెట్టకండి. అరవై షాట్ల మ్యాచ్‌లో, ముఖ్యంగా ఎండాకాలం, చెయ్యి కొంచెం ఉబ్బుతుంది. చిటికెనవేలు మొద్దుబారుతోందంటే పలక ఒక అర మిల్లీమీటరు దించండి. నెల్లూరు, చెన్నై నుంచి గ్రిప్‌లు పంపేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి, అక్కడి తేమకి చెక్క కూడా ఉబ్బుతుంది.

ఇక ఎలక్ట్రానిక్ ట్రిగ్గరా, మెకానికల్ ట్రిగ్గరా అన్న గొడవ. ఈ మాట వస్తే అందరూ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ఎత్తుతారు. అక్కడ మను భాకర్ పిస్టల్ మ్యాచ్ మధ్యలో మొరాయించి, 575 పాయింట్లతో రెండు పాయింట్ల తేడాలో ఫైనల్ చేజారింది. "ఎలక్ట్రానిక్ కాబట్టే" అని మన కౌంటర్ దగ్గర చెప్పుకుంటారు. కానీ విరిగింది కాకింగ్ లీవర్, అంటే ప్రతి షాట్‌కి ముందు పిస్టల్‌ని సిద్ధం చేసే మీట. అది మెకానికల్ పిస్టల్‌కీ ఉంటుంది. మా అభిప్రాయం సూటిగా: ఎలక్ట్రానిక్‌లో ప్రతి నొక్కూ ఒకేలా ఉంటుంది, ఇంట్లో పెల్లెట్ లేకుండా ఖాళీగా సాధన చేయడం తేలిక. కానీ సర్క్యూట్ చెడితే బెంగళూరులో దానికి రిపేరు లేదు, బోర్డు విదేశం నుంచి రావాల్సిందే, ఎన్ని వారాలో ముందుగా చెప్పలేం. మెకానికల్‌లో ఏడాదికోసారి శుభ్రం చేసి, ట్రిగ్గర్ బరువు చూసుకుంటే చాలు. సీయర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పిస్టల్ పేలకుండా పట్టి ఉంచే కొక్కెం) అరిగినా ఇక్కడే సర్దగలం. మొదటి పిస్టల్ కొనే పిల్లలకి మేము మెకానికలే ఇస్తాం. రెండో పిస్టల్ ఉన్నవాళ్లు ఏది తీసుకున్నా మాకు అభ్యంతరం లేదు.

ట్రిగ్గర్ బరువు విషయంలో మాత్రం రాజీ లేదు. నియమం ప్రకారం కనీసం 500 గ్రాములు. బ్యారెల్ నిలువుగా పట్టి, ట్రిగ్గర్‌కి తూకపురాయి తగిలించి లేపుతారు, మూడు ప్రయత్నాలే. "సరిగ్గా 500కి పెట్టండి" అని అడుగుతున్నారు. పెట్టం. కొంచెం దుమ్ము, కొంచెం నూనె చాలు, అది 495 అవుతుంది. మేము 510 నుంచి 520 మధ్య పెడతాం: ట్రిగ్గర్ మొదట తేలిగ్గా కదిలే దశ దాదాపు 400, షాట్ పేలే రెండో దశలో మిగతాది. రెండో దశ మరీ తేలికైతే వేలికి గోడ తగలదు, అనుకోకముందే షాట్ పోతుంది. ఇంకో మాట, ఆ తూకం వేసేటప్పుడు పిస్టల్‌కి ఉండే గాలి సిలిండర్లో గాలి ఉండాలి.

పారిస్ 2024 తర్వాత, టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్‌ని చూసి రెండు కళ్లూ తెరిచి కాలుస్తామని వచ్చేవాళ్లు పెరిగారు. జేబులో చెయ్యి ఆయన ప్రత్యేకత కాదు, ఇది ఒంటిచేతి ఆట, చాలామంది అలాగే నిలబడతారు. రెండు కళ్లూ తెరవడం మంచిదే, కన్ను మూస్తే ముఖం కండరాలు అలసిపోతాయి. రెండు బొమ్మలు కనిపించి ఇబ్బంది పడేవాళ్లు రెండో కంటి ముందు తెల్లటి అడ్డు పెట్టుకోవచ్చు, వెడల్పు 30 మిల్లీమీటర్లు మించకూడదు.

సిలిండర్లో గాలి నింపించుకునేవాళ్లకి కొత్త నియమం. తయారై పదేళ్లు దాటిన సిలిండర్‌కి గాలి పట్టం. తేదీ సిలిండర్ మీదే చెక్కి ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ పిస్టల్ కొనేముందు ఆ తేదీ ఫోటో అడగండి, చాలామంది బ్యారెల్ చూసి మురిసిపోయి ఇది చూడరు. కొత్త సిలిండర్ ఖర్చు కలిపితే అగ్గువ బేరం అగ్గువ కాకుండా పోతుంది. 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) మించి నింపం, నెమ్మదిగానే నింపుతాం. గబగబా నింపితే గాలి వేడెక్కి మీటరు 200 చూపిస్తుంది, చల్లారాక 180కి పడిపోతుంది. ఓ-రింగ్‌కి (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) సిలికాన్ గ్రీజు తప్ప ఇంకేమీ రాయకండి. కుట్టుమిషను నూనె, బైకు నూనె అంత ఒత్తిడి గాలిలో అంటుకుని పేలగలవు. ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపడం ప్రాణానికే ముప్పు, అలా నింపినట్టు తెలిస్తే ఆ సిలిండర్ మళ్లీ ముట్టుకోం.

పెల్లెట్ల గురించి క్లుప్తంగా. పెల్లెట్ తల వ్యాసం 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లలో ఏది మీ బ్యారెల్‌కి నప్పుతుందో బిగించి కాల్చి చూస్తేనే తెలుస్తుంది, స్నేహితుడి డబ్బా చూసి కొనకండి. రేంజిలో బిగింపు స్టాండు ఉంది, వాడుకోవడానికి డబ్బులు తీసుకోం. పాయింట్ 22 స్పోర్ట్ పిస్టల్ గురించి అడుగుతున్నారు: దానికి ఆర్మ్స్ లైసెన్స్ కావాలి, మేము అమ్మం, రిపేరూ చేయం. మేము చూసేది 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్ ఒక్కటే.

గ్రిప్ కొలతలకి మంగళ, గురువారాలు సాయంత్రం 5 నుంచి 8 వరకు రండి. ముందురోజు ఫోన్ చేస్తే చాలు. రేంజిలో వేసుకునే బూట్లు, కళ్లద్దాలు వాడితే అవి తెచ్చుకోండి. చేతి గోళ్లు కత్తిరించుకుని రండి. పిల్లలకి పద్నాలుగు, పదిహేనేళ్లుంటే చెయ్యి ఇంకా పెరుగుతుంది కాబట్టి చెక్క తీయం, పుట్టీ మాత్రమే వేస్తాం. ఆరు నెలలకి మళ్లీ తీసుకొస్తే పాత పుట్టీ తీసి కొత్తది ఉచితంగా వేసిస్తాం.