2021 వార్షిక నివేదిక: డయానా పెళ్ళి గౌను, మన పట్టుచీరలు

సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదిలో సగం లాక్‌డౌన్‌కే పోయింది. ప్లవ నామ సంవత్సర ఉగాదిని ఏప్రిల్ 13న జూమ్‌లోనే కానిచ్చాం. పంచాంగ శ్రవణం మధ్యలో ఎవరింట్లోదో కుక్కర్ విజిల్ వేయడం తప్ప చెప్పుకోదగ్గ విశేషం లేదు. బతుకమ్మ, దీపావళి మాత్రం హాల్లో, అందరం కలిసే జరుపుకున్నాం. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు, నేను వాటి జోలికి పోను.

ఈ ఏడాది సభ్యులు ఎక్కువగా చెప్పుకున్నది లండన్‌లోని కెన్సింగ్టన్ ప్యాలెస్ యాత్ర గురించే. అప్పటి రాణి క్వీన్ యాన్ కోసం 1704లో కట్టిన ఆరెంజరీలో (నారింజ చెట్లను చలి నుంచి కాపాడే భవనం) రాజకుటుంబం దుస్తుల ప్రదర్శన జూన్ 3న మొదలైంది. ప్రయాణాల మీద ఆంక్షలు సడలాక మహిళా విభాగం వాళ్ళు చొరవ తీసుకుని అందరినీ బయలుదేరదీశారు. వచ్చిన మగవాళ్ళలో చాలామంది కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో నడకకే పరిమితమయ్యారని నమోదు చేస్తున్నాను.

అందరూ చూడాలనుకున్నది 1981 జులై 29న యువరాణి డయానా కట్టుకున్న పెళ్ళి గౌను. డేవిడ్, ఎలిజబెత్ ఇమాన్యుయెల్ దంపతులు కుట్టింది. దాని వెనక జీరాడే కుచ్చే 25 అడుగులు. అంటే మన తొమ్మిది గజాల చీరకు రెండడుగులు తక్కువ, అంతే! పది వేల ముత్యాలు, ఐదో జార్జి రాజు భార్య క్వీన్ మేరీ దాచుకున్న పాత లేసు, వీటన్నిటికంటే మనవాళ్ళకు నచ్చింది లోపల కుట్టిన చిన్న బంగారు గుర్రపునాడా కథ. కొత్త బట్టకు మనం మూలన పసుపు పెట్టినట్టు, అది వాళ్ళ శుభసూచకం.

పెళ్ళికి తెలుపేమిటని ఒకరు అడిగారు. ఆ ఆనవాయితీకి ఊపు తెచ్చిన విక్టోరియా రాణి పుట్టింది ఈ ప్యాలెస్‌లోనే. 1840లో తన పెళ్ళికి ఆవిడ తెల్లటి పట్టు గౌను వేసుకున్నారు. అంతకుముందు పెళ్ళికూతుళ్ళు తమకున్న మంచి బట్టలే, ఏ రంగువైనా, వేసుకునేవారు. "మన మధుపర్కాలు మాత్రం తెల్లవి కావా?" అని మా బృందంలోని పెద్దావిడ అనేసరికి చర్చ ముగిసింది.

1937లో ఆరో జార్జి రాజు భార్య ఎలిజబెత్ వేసుకున్న పట్టాభిషేకపు గౌనుకు ముందుగా కుట్టి చూసుకున్న నమూనా దగ్గర, బ్లౌజులు కుట్టే మన సభ్యులు కదలనంటే కదలలేదు. నా దృష్టిలో కూడా గౌను కంటే అదే చూడదగ్గది. పని ఎలా జరిగిందో అందులోనే కనిపిస్తుంది.

లైట్లు మరీ మసకగా ఉన్నాయని కొందరు గొణిగారు. వెలుతురుకి పట్టు రంగు వెలుస్తుంది, పోగు పెళుసవుతుంది. అందుకే మ్యూజియాల్లో పాత పట్టుబట్టలున్న చోట వెలుతురును మామూలుగా 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వరు. తిరుగు ప్రయాణంలో, ట్యూబు రైల్లో మాటలన్నీ బీరువాల మీదకు మళ్ళాయి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంచితే జరీ అక్కడే తెగుతుంది. ప్లాస్టిక్ కవర్లు తీసేసి, ఉతికిన నూలు బట్టలో చుట్టి, అప్పుడప్పుడూ మడత మార్చాలి. కలరా ఉండలు జరీకి తగలకూడదు.

వచ్చే ఉగాదికి సభ్యుల పెళ్ళి చీరలతో చిన్న ప్రదర్శన పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. చీరతో పాటు ఏ ఊళ్ళో కొన్నారో, ఎవరు ఎంపిక చేశారో రాసివ్వండి. ధర రాయడం మీ ఇష్టం. పులిహోర బల్ల మాత్రం ఆ గదిలో ఉండదు, దీనిపై ఓటింగ్ కూడా లేదు.

ఇట్లు,
కార్యదర్శి