అమ్ముకోండి, ముందు రికార్డు చేయండి

సంపాదకులకు నమస్కారం.

పేరుమోసిన ఫిలిప్పీన్స్ చిత్రకారుల తొలినాటి బొమ్మలను వెతికి తెచ్చి గ్యాలరీల్లో పెడుతుండటం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. చేయి తిరగని రోజుల్లో వేసిన బొమ్మలను ఇప్పటి పేరు తగిలించి అమ్ముకునే వ్యాపారం ఇదంతా అని వ్యాసకర్త కొట్టిపారేశారు. ఉద్యోగరీత్యా మనీలా పక్కనే క్వెజాన్ సిటీలో ఉంటున్నాను. ఇలాంటి ప్రదర్శన ఉందని తెలిస్తే వెళ్లకుండా ఉండలేను. వ్యాపారం అన్నమాట నిజమే. మాల్‌లో గ్యాలరీ పెట్టినవాళ్లు అద్దె కట్టుకోవాలి కదా. నా అభ్యంతరం అక్కడ కాదు.

ముందు ఆ ‘చేయి తిరగని’ మాట చూద్దాం. ఇక్కడ వీధి వీధికీ సారీ-సారీ స్టోర్ అని చిన్న కిరాణా కొట్టు ఉంటుంది. చాలా కొట్లలో ఇనుప జాలీ వెనక అరలో హినెబ్రా శాన్ మిగెల్ అనే జిన్ సీసా కనిపిస్తుంది. లేబుల్ మీద రెక్కలున్న దేవదూత మైకేల్ కత్తి ఎత్తి, సైతానును కాలికింద తొక్కిపట్టి నిలబడి ఉంటాడు. 1917లో ఆ బొమ్మ గీసిచ్చింది ఫెర్నాండో అమొర్సోలో. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. తర్వాత వరినాట్ల బొమ్మలతో, పల్లె ఎండతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1972లో ఆయన పోయాక దేశపు మొట్టమొదటి ‘నేషనల్ ఆర్టిస్ట్’ బిరుదు ఆయనకే ఇచ్చారు. ఆయన తొలినాటి బొమ్మ మాత్రం వందేళ్లు దాటినా తాగేవాళ్ల చేతుల్లో తిరుగుతూనే ఉంది. సీసా కొన్నవాళ్లలో ఎంతమందికి అది ఎవరి బొమ్మో తెలుసన్నది వేరే సంగతి.

బెన్‌క్యాబ్ అనే మరో పేరున్న చిత్రకారుడి సంగతీ చెప్పాలి. 1965లో మనీలాలోని బాంబాంగ్‌లో ఉండే రోజుల్లో, చెత్త ఏరుకుంటూ తిరిగే సాబెల్ అనే ఆమెను చూసి బొమ్మ వేశారు. ఆమె ఒంటికి ప్లాస్టిక్ పట్టాలు చుట్టుకుని ఉండేది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి మళ్లీ మళ్లీ ఆమెనే గీశారు. తర్వాతి బొమ్మల్లో ఆ పట్టాలు పట్టుచీర కుచ్చిళ్లలా గాల్లోకి లేస్తాయి, మనిషి నాట్యం చేస్తున్నట్టు ఉంటుంది. అవి మాత్రమే చూస్తే అందమైన భంగిమ అనుకుని వచ్చేస్తాం. తొలి బొమ్మ పక్కన పెట్టి చూసినప్పుడే ఆ పట్టా ఎందుకు చుట్టుకుందో గుర్తొస్తుంది. తొలినాటి బొమ్మలు చూపించడం దండగ అనేవాళ్లకు నా జవాబు ఇదే.

అసలు సమస్య బొమ్మ అమ్ముడుపోయాక మొదలవుతుంది. 1945 ఫిబ్రవరిలో మనీలా కోసం అమెరికా, జపాన్ సైన్యాలు చేసిన పోరులో దాదాపు లక్షమంది పౌరులు చనిపోయారు. ఇంట్రామురోస్, ఎర్మిటా, మలాటే పేటలు నేలమట్టమయ్యాయి. నేషనల్ మ్యూజియం బొమ్మలున్న శాసనసభ భవనం కూలిపోయింది. తిరిగి కట్టిన ఆ భవనమే ఇప్పుడు నేషనల్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్. పంతొమ్మిదో శతాబ్దపు చిత్రకారుడు హువాన్ లూనా వేసిన ‘స్పోలియారియమ్’ అనే పెద్ద బొమ్మ అక్కడే గోడంతా పరుచుకుని ఉంది, ఎవరైనా టికెట్ లేకుండా వెళ్లి చూడొచ్చు. అంత కాలిపోయిన ఊళ్లో యుద్ధానికి ముందు వేసిన బొమ్మ ఒకటి ఎవరింటి అటక మీదనుంచో బయటపడిందంటే మాటలా! అలాంటిది గ్యాలరీలో పదిరోజులుండి, పక్కన అమ్ముడైందని చెప్పే ఎర్ర చుక్క స్టిక్కర్ పడి, ఇంకెవరి హాల్లోకో వెళ్లిపోతే మళ్లీ ఎవరి కంటా పడదు.

పోనీ ఉన్న పదిరోజులైనా వివరం దొరుకుతుందా అంటే అదీ లేదు. చాలా చోట్ల చీటీ మీద పేరు, కొలతలు ఉంటాయి. ఏడాది ఉండాల్సిన చోట ‘తొలి దశ’ అని రాసి సరిపెడతారు. ఎవరి దగ్గర నుంచి వచ్చిందని అడిగితే నవ్వి ‘ప్రైవేట్ కలెక్షన్’ అంటారు. ఏడాది అంత ముఖ్యమా అనుకోవద్దు. మన తెలుగు పిల్లలు ఎంతోమంది మెడిసిన్ చదువుతున్న దవావో ఊళ్లోనే 1931లో పుట్టారు చిత్రకారుడు ఆంగ్ కియుకోక్. 1965లో న్యూయార్క్ వెళ్లొచ్చాక ఆయన బొమ్మల్లో కోపం, బాధ ముదిరాయి. కరవబోయే కుక్కలు, పదునైన అంచుల క్రీస్తు ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే బొమ్మలు. ఆయన బొమ్మ ఏదైనా ఆ ప్రయాణానికి ముందుదో తర్వాతిదో చెప్పకపోతే చూసేవాళ్లకు ఏం అర్థమవుతుంది? అమొర్సోలో పేరుతో నకిలీలు తిరిగే మార్కెట్‌లో కొనేవాళ్లకు టెన్షన్ సరేసరి.

దారి చూపినవాళ్లు ఇక్కడే ఉన్నారు. కుర్రవాడిగా ఉన్న అమొర్సోలోను చదువుకోసం మాడ్రిడ్ పంపింది ఎన్రికే జోబెల్ అనే సంపన్న వ్యాపారి. ఆయన కొడుకు ఫెర్నాండో జోబెల్ స్వయంగా చిత్రకారుడు, అటెనియో యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. మనన్సాలా, లెగాస్పి, ఆర్టురో లూజ్ లాంటి తోటివాళ్ల బొమ్మలను, వాళ్లకు నేషనల్ ఆర్టిస్ట్ బిరుదులు రావడానికి చాలా ముందే కొని పెట్టుకున్నారు. తర్వాత తన సేకరణను యూనివర్సిటీకే ఇచ్చేశారు. 1960లో అటెనియో ఆర్ట్ గ్యాలరీ మొదలైంది దాంతోనే. ఆ బొమ్మలు ఇవాళ్టికీ విద్యార్థుల కళ్లముందున్నాయి.

అందరూ జోబెల్‌లా దానం చేయాలని నేననను. అమ్మకాలు ఆపమనీ అనను. ప్రదర్శన తెరవడానికి ముందే ప్రతి బొమ్మకూ ముందువైపు, వెనకవైపు ఫొటోలు తీయాలి. పాత ఫ్రేము దుకాణం చీటీ, చేతిరాతతో ఉన్న తేదీ లాంటివి దొరికేది వెనకే. ఏడాది, చేతులు మారిన వరుస రాసి ఒక ప్రతి నేషనల్ మ్యూజియంకు ఇవ్వాలి. కొన్నవాళ్ల పేరు బయటపెట్టనక్కర్లేదు. 2002లో ప్రభుత్వోద్యోగుల పింఛన్ సంస్థ జీఎస్ఐఎస్, లూనా వేసిన ‘పారిసియన్ లైఫ్’ ఒక్కదాన్నే హాంకాంగ్ వేలంలో 4.6 కోట్ల పెసోలకు కొంటే పెద్ద గొడవైంది. అంత ఖర్చు పెట్టగలిగిన ప్రభుత్వానికి ఈ ఫొటోలు దాచే ఖర్చు ఓ లెక్కా?

మీకూ ఒక మనవి. ఆ వ్యాసంతో వేసిన రెండు బొమ్మల కింద చిత్రకారుల పేర్లు తప్ప ఏ ఏడాది వేశారో, ఇప్పుడు ఎక్కడున్నాయో లేదు. వచ్చే ఆదివారం సంచికలో ఆ వివరాలు వేయగలరా?

ఇట్లు,
మీ పాఠకురాలు,
క్వెజాన్ సిటీ, ఫిలిప్పీన్స్