కవచం ఉండాల్సింది బండి కడుపు కింద

సంపాదకులకు నమస్కారం.

నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే ఫోర్ బై ఫోర్ బండ్లకు బిగించే ఇనుప సరంజామా గురించి మీ పేజీల్లో ఉత్తరాలు చదువుతున్నాను. అన్నీ పీకించేయాలని కొందరు, మా బండి మా ఇష్టమని కొందరు. ఇరుపక్షాలూ బండి ముందు బిగించే ఇనుప కమ్మీ బుల్ బార్‌నీ కింద బిగించే రక్షణ రేకు స్కిడ్ ప్లేట్‌నీ ఒకే గాటన కట్టేస్తున్నాయి. నా అభ్యంతరం అక్కడే.

బండి కొన్న కొత్తలో నేనూ ముందు బుల్ బార్ పెట్టించాను. దర్జాగానే ఉండేది, కాదనను. ఆ ఏడాదే వాగు దాటుతుంటే నీళ్లలో కనిపించని రాయి ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్‌ని పగలగొట్టింది. ఆయిల్ లైటు వెలిగేసరికే నీటి మీద నూనె తెట్టు కట్టింది. బుల్ బార్ మీద మాత్రం గీత కూడా పడలేదు!

రాళ్ల దారిలో దెబ్బ ఎక్కువగా తగిలేది కిందనుంచే. సంప్, గేర్‌బాక్స్, ముందు వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, ఇంధనం ట్యాంకు, వీటికి కావాలి రేకు. స్టీలైతే 3 మిల్లీమీటర్ల మందం మామూలు. అల్యూమినియం బరువు అందులో మూడో వంతే కాబట్టి 5, 6 దాకా వెళ్లొచ్చు. కాకపోతే రాయి మీద స్టీలు జారుతుంది, అల్యూమినియం గీరుకుని పట్టేస్తుంది. బోల్టు తలలు రేకులోకి మునిగి ఉండాలి. బయటికి పొడుచుకొస్తే రాళ్లకు అరిగిపోయి, విప్పబోతే పానా పట్టదు. ఆయిల్ దించే రంధ్రం మరిచిపోయిన ప్లేట్లూ చూశాను, ప్రతి సర్వీసుకూ మొత్తం ఊడదీయాల్సిందే. ప్లేటు మీద పేరుకున్న ఎండుగడ్డి సైలెన్సర్ గొట్టం వేడికి అంటుకోవచ్చు, అందుకని ప్రయాణం అయ్యాక కడుక్కోవాలి. పక్కల తలుపుల కింద కాపుగా పెట్టే గొట్టాలు, అంటే స్లైడర్లు, బండి చట్రానికే (చాసిస్‌కే) బిగించాలి. బాడీకి తగిలించిన సన్న గొట్టం మీద బండి బరువు పడితే అదే తలుపు కింది అంచును నొక్కేస్తుంది.

ఈ కింది రేకుల వల్ల దారిన పోయేవాడికి భయం లేదు. బుల్ బార్ సంగతి వేరు. కంపెనీ ఇచ్చే బంపర్ దెబ్బకు నలిగేలా తయారైనది, చాసిస్‌కి పట్టించిన ఇనుప కమ్మీ నలగదు. అదీ సరిగ్గా పిల్లల తల ఎత్తులో ఉంటుంది. ఢీకొన్న అదురు సెన్సర్లకు చేరే తీరు మారిపోయి, ఎయిర్‌బ్యాగులు విచ్చుకునే సమయమూ తప్పొచ్చు. ఐరోపా సమాఖ్య 2005లోనే ఈ ముందు కమ్మీలకు పాదచారుల భద్రతా పరీక్షలు పెట్టింది. అడవి జంతువులు అడ్డొచ్చే మారుమూల దారుల్లో బార్ అవసరమయ్యేవాళ్లు ఉంటారు, ఆ పరీక్ష నెగ్గినదే పెట్టుకోమనండి. బజారులో తిరిగే బండికి అదెందుకు?

నిబంధనలు రాసేవాళ్లు ముందున్నది వేరు, కిందున్నది వేరు అని గుర్తిస్తే చాలు. మీకూ ఒక మనవి. మీ మోటారు పేజీలో ఎప్పుడూ కమ్మీలు బిగించిన ముఖాలే కనిపిస్తాయి. ఈసారి బండిని పైకెత్తి, కిందనుంచి తీసిన ఫొటో ఒకటి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు