ఏసీ బేరంలో ఓపిక, బిగింపులో తొందర

అయ్యా,

ఉగాది దాటిందంటే విజయవాడలో బెంజిసర్కిల్ నుంచి వన్‌టౌన్ దాకా ఏసీ అమ్మే ప్రతి దుకాణం ముందూ ‘ఉచిత ఇన్‌స్టాలేషన్’ బోర్డు వేలాడుతుంది. ధర దగ్గర గంటసేపు బేరమాడేవాళ్లు కూడా ఆ ఉచితంలో ఏముందో, ఏం లేదో అడగరు. మామూలుగా ఉండేది ఇంతే: పెట్టెలో వచ్చిన మూడు మీటర్ల కాపర్ పైపు కలపడం, ఇండోర్ యూనిట్ గోడకు తగిలించడం, రిమోట్ నొక్కి చల్లగాలి చూపించడం. విడి వైరు, ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్), ఎర్త్, ఔట్‌డోర్ స్టాండు చాలాచోట్ల అందులోకి రావు. ఏసీ ప్రమాదాల మూలం ఎక్కువగా ఈ రానివాటిలోనే ఉంటుంది. ఈ పనిమీదే బతికేవాళ్లం కాబట్టి, వేసవి ముదరకముందే పాఠకులకు కొన్ని సంగతులు చెప్పాలనుకుంటున్నాం.

మొదట కరెంటు. ఒకటిన్నర టన్ను ఏసీ 7, 8 ఆంపియర్లు లాగుతుంది. ఎండ 44, 45 డిగ్రీలకు పోయిన రోజున ఇంకాస్త ఎక్కువే. ఇస్త్రీపెట్టె కూడా బాగానే లాగుతుంది గానీ పావుగంటలో దాని పని అయిపోతుంది. ఏసీ అలా కాదు, రాత్రి పదింటికి వేస్తే తెల్లవారిందాకా ఆ వైరుకు విశ్రాంతి లేదు. అందుకని గదిలో ఉన్న ప్లగ్గు బోర్డు నుంచి దీనికి లైను లాగకూడదు. డీబీ (ఇంటి ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) నుంచి విడిగా ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఎర్త్‌కు కనీసం 2.5 వైరు రావాలి. మధ్యలో ఎక్కడా అతుకు ఉండకూడదు. డీబీలో దానికంటూ 20 ఆంపియర్ల సీ కర్వ్ రకం (మోటారు మొదలైనప్పటి గుంజుడుకు పడిపోనిది) ఎంసీబీ ఒకటి, ఏసీ పక్కన ఇనప బాక్సులో సాకెట్టు ఒకటి ఉండాలి. పాత ఇళ్లలో అల్యూమినియం తీగకు రాగి తీగను చేత్తో మెలిపెట్టి టేపు చుట్టేస్తారు. ఆ రెండు లోహాలూ కలిసినచోట పొర కట్టి, కొన్నాళ్లకు అతుకు వేడెక్కడం మొదలవుతుంది. దానికి ఆ రెండు లోహాలనూ కలపడానికే చేసిన బైమెటల్ లగ్గు వాడాలి, లేదంటే ఆ ముక్క మొత్తం మార్చేయాలి.

సాకెట్లు ఎందుకు కాలుతాయో చిన్న లెక్క చాలు. ప్లగ్గు కాలు సాకెట్లో వదులుగా ఉండి, అంటీ అంటనట్టున్న ఆ చోట అర ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి. 8 ఆంపియర్లకు అక్కడ పుట్టే వేడి 32 వాట్లు. రేడియో రిపేరు షాపులో టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. ప్లాస్టిక్ సాకెట్టు లోపల రాత్రంతా అలాంటిదొకటి వేడెక్కించి ఉంచినట్టే లెక్క. ముందు తెల్ల సాకెట్టు ఒకవైపు పసుపు తిరుగుతుంది, తర్వాత గోధుమరంగుకు మారుతుంది, గదిలో ఎండుచేపల వాసన లాంటిది వస్తుంది. వంటింట్లోంచి అనుకుని వదిలేస్తారు. ఇంత జరుగుతున్నా ఎంసీబీ పడదు. వైర్లో పోయే కరెంటు పెరగలేదు కదా, దానికి తెలిసేది అదొక్కటే. ఏసీ వేసిన గంటకు ఆపేసి ప్లగ్గు తీసి కాళ్లు పట్టుకు చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్టు ఆరోజే మార్చాలి.

ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని 20 తీసి 32 వేసేవాళ్లున్నారు. ఎంసీబీ కాపాడేది ఏసీని కాదు, గోడలోని వైరుని. సన్న వైరుకు పెద్ద ఎంసీబీ పెడితే తెగాల్సింది తెగదు, కాలకూడనిది కాలుతుంది. ఫ్యూజు కారియర్లో లావు రాగితీగ పోగులు వేసే పాత అలవాటు కూడా ఇలాంటిదే. ఇంట్లో రెండో ఏసీ పెట్టేటప్పుడు మీటరు మీదున్న కాంట్రాక్టెడ్ లోడు (మన వాడకానికి మంజూరైన కరెంటు) ఎంతో ఒకసారి బిల్లులో చూసుకుని, చాలకపోతే కరెంటు సంస్థ ఏపీసీపీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు కూడా ఆ లోడును మోయాలి.

స్టెబిలైజర్ గురించి ఒక్క మాట. ఒకటిన్నర టన్నుకు 4 కేవీఏది సరిపోతుంది. కరెంటు పోయి వచ్చాక మూడు నిమిషాలు ఆగి ఇచ్చే టైమ్ డిలే ఉన్నది తీసుకోండి. కర్టెన్ వెనకా, బీరువా మీద బట్టల మూటల మధ్యా పెట్టకండి.

ఇక ఎర్త్. మేము అన్నిటికన్నా ఎక్కువ భయపడేది దీనికే. మూడో రంధ్రంలో వైరు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎర్త్ లేని ఇంట్లో కొందరు సాకెట్టు వెనక న్యూట్రల్ నుంచి చిన్న తీగ ముక్క తెచ్చి ఎర్త్ పిన్నుకు బిగించేస్తారు. మల్టీమీటరు పెడితే ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టులు చక్కగా చూపిస్తుంది, ఇంటివాళ్లూ సంతోషిస్తారు. కానీ గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిందంటే, ఏసీ లోపలి నుంచి ఫేజ్ కరెంటు ఆ ముక్క మీదుగా నేరుగా ఔట్‌డోర్ యూనిట్ ఇనప ఒంటికి వచ్చేస్తుంది. అదే లైన్లో ఫ్రిజ్జు ఉంటే దాని తలుపుకూ అంతే. ఏసీ ఆగిపోయింది కాబట్టి కరెంటు లేదనుకుని, బాల్కనీలో తడి బట్టలారేసే మనిషి దాన్ని తాకుతుంది.

దీన్ని పట్టుకోవడానికి మెయిన్ ఆపి, సాకెట్టు విప్పి కంటితో చూడటమే నమ్మకమైన పద్ధతి. ఆ తర్వాత ఏసీ నడుస్తుండగా న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూడాలి. ఒకటి రెండు వోల్టులుంటే మామూలే. కచ్చితంగా సున్నా ఉంటే పొంగిపోకండి, ఎవరో రెండూ కలిపేసి ఉండొచ్చు. పది దాటితే న్యూట్రల్లోనో ఎర్త్‌లోనో లోపముంది. నిజమైన ఎర్త్‌తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) ఉన్న ఇంట్లో ఇలా కలిపితే అది పడుతూనే ఉంటుంది. అప్పుడు ఆర్‌సీసీబీనే పీకేసి పోయిన ఘనులూ ఉన్నారు. మొగల్రాజపురం, గుణదల వైపు కొండల మీద ఇళ్లకు మరో చిక్కుంది. రాతిలో ఎర్త్ గుంత తవ్వి రాడ్డు దించినా నిరోధం తగ్గదు. అక్కడ గుంతను మట్టి ఉన్నచోటికి జరిపి తీగ లాగడమో, రెండు మూడు గుంతలు తవ్వి కలపడమో చేయాలి. మైదానంలోనైనా బొగ్గూ ఉప్పూ వేసిన గుంతకు వేసవిలో వారానికోసారి బకెట్టు నీళ్లు పోయకపోతే అది పేరుకే ఎర్త్.

ఔట్‌డోర్ యూనిట్ బరువు 25 నుంచి 35 కిలోలు. దానికి ఫ్యాను, కంప్రెసర్ వణుకు తోడవుతుంది. స్టాండు పట్టు నాలుగు బోల్టుల మీదే. 10 ఎంఎం ఫాస్టనర్లు (గోడలో విచ్చుకుని పట్టే బోల్టులు) ఇటుకలోకో కాంక్రీటులోకో దిగాలి, పైన ఉన్న ప్లాస్టరింగ్ మందం లెక్కలోకి రాదు. రెండు ఇటుకల మధ్య సిమెంటు అతుకులో వేసిన బోల్టు బిగించేటప్పుడే తిరుగుతుంది. తిరిగిన బోల్టును అగ్గిపుల్లలు దూర్చి బిగించినట్టు చూపించే విద్య కూడా ఒకటుంది. నాలుగంగుళాల పిట్టగోడకూ, కొత్త అపార్టుమెంట్లలో వాడే తేలిక బ్లాకు గోడలకూ ఫాస్టనర్లు పనికిరావు. గోడ ఆ పక్కకు వచ్చేలా పొడవు బోల్టు వేసి వెనక ఇనప పలక పెట్టాలి. 2024 ఆగస్టులో ఢిల్లీ కరోల్‌బాగ్ ప్రాంతంలో పైనుంచి ఔట్‌డోర్ యూనిట్ ఊడిపడి కింద ఉన్న 18 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. మన అరండల్‌పేటలోనూ గవర్నర్‌పేటలోనూ దుకాణాల నెత్తిన, సరిగ్గా నడిచే దారి మీద, తుప్పు కారుతున్న స్టాండ్లు ఎన్నో తల ఎత్తి చూస్తే తెలుస్తుంది. స్టాండు కింద గోడ మీద ఎర్రటి చార కనిపిస్తే బోల్టును లోపల తుప్పు తింటున్నట్టే.

సన్‌షేడ్ మీద నిలబడి బిగించే మనిషికి తాడు ఉండాలి. నడుముకు కట్టుకున్న నైలాన్ తాడు కాదు, ఒంటి నిండా పట్టే ఐఎస్ 3521 ముద్ర ఉన్న హార్నెస్. దాని కొక్కెం కిటికీ గ్రిల్లుకు కాకుండా పైన స్లాబులో వేసిన హుక్కుకో కాలమ్‌కో తగిలించాలి. అంచుల్లో ఇనుము బయటపడ్డ పాత సన్‌షేడ్ మీద అసలు నిలబడనివ్వకండి. ఇరుకు సందుల్లో బాల్కనీ పక్కనే 11 కేవీ (11 వేల వోల్టుల) లైన్లు పోతుంటాయి. కట్టడానికీ ఆ తీగకూ అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలన్నది నిబంధన. మూడు మీటర్ల రాగిపైపు చేతిలో తిప్పేవాడికి ఆ దూరం కూడా చాలదు. లైను దగ్గరుంటే పైపు చుట్టగానే ఉంచి, లోపలి నుంచి కొద్దికొద్దిగా బయటికి వదలాలి.

గోడకు రంధ్రం చేసే ముందు స్విచ్ బోర్డులు ఎక్కడున్నాయో చూసుకోవాలి. గోడ లోపలి వైర్ల పైపులు సాధారణంగా బోర్డు నుంచి నిట్టనిలువుగా పోతాయి, ఆ గీత మీద డ్రిల్లు పెట్టకూడదు. రంధ్రం బయటివైపుకు కొద్దిగా వాలాలి. డ్రైన్ పైపు నీళ్లు కింది అంతస్తు మీటర్ల బోర్డు మీద పడేలా వదిలేయడం మనవాళ్లకు మామూలైపోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు నేలమీద పెట్టిన ఔట్‌డోర్లకు ఏమైందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పల్లపు కాలనీల్లో వాటిని గోడ మీదకు ఎత్తించండి. మునిగినదాన్ని ఎండిందనుకుని స్విచ్ వేయకూడదు, ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌ పెట్టి, కనీసం ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) వస్తేనే కరెంటు ఇవ్వాలి.

గ్యాసు సంగతికొస్తే, ఇప్పుడు అమ్ముతున్నవాటిలో ఎక్కువ ఆర్-32. పాత ఆర్-22 కంటే దీని ఒత్తిడి సుమారు 60 శాతం ఎక్కువ. 40 డిగ్రీల ఎండలో ఆగి ఉన్న మిషన్లోనే దాదాపు 345 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉంటుంది. ఒత్తిడి చూపే పాత గేజీ, పాత గొట్టం దీనికి పనికిరావు. ఆర్-32 కొద్దిగా మండే రకం, కొన్ని మోడళ్లలో ఉండే ఆర్-290 అయితే అచ్చమైన ప్రొపేనే. రెండూ గాలికంటే బరువు, లీకైతే నేలబారున నిలుస్తాయి. అందుకని బ్రేజింగ్ (మంటతో పైపులు అతకడం) చేయాల్సి వస్తే తలుపులూ కిటికీలూ తీసి, లైన్లో గ్యాసు లేదని చూసుకున్నాకే మంట పెట్టాలి. పైపు చివర ఫ్లేర్ చేశాక (గరాటులా విప్పాక) నట్టును చేతికొచ్చిన పానాతో బిగిస్తే, పావు ఇంచి పైపు చీలుతుంది, అర ఇంచిది వదులుగా మిగులుతుంది. బిగువు కొలిచి చూపే టార్క్ పానాతో పావు ఇంచికి 14 నుంచి 18, అర ఇంచికి 50 నుంచి 60 న్యూటన్ మీటర్లు పెట్టాలి.

లీకు చూడటానికి నైట్రోజన్ తప్ప మరేదీ వాడకూడదు. వెల్డింగ్ కోసం తెచ్చిన ఆక్సిజన్ సిలిండరు పక్కనే ఉందని దాన్ని ఎక్కిస్తే, కంప్రెసర్ ఆయిలూ ఆక్సిజనూ ఒత్తిడిలో కలిసి బాంబులా పేలతాయి. తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి, పైపుల్లోని గాలినీ తేమనూ గేజీ 500 మైక్రాన్ల కిందికి చూపేదాకా లాగి, ఆపి పది నిమిషాలు చూడాలి. సూది మెల్లగా పైకి లేస్తుంటే ఎక్కడో లీకో తడో ఉంది. దీనికి అరగంట పైనే పడుతుంది. మే నెలలో ఒకే మనిషికి రోజుకు ఐదారు బిగింపులు అప్పగించి, ముక్కకింత అని లెక్కగట్టే దుకాణాల వల్ల ముందు ఎగిరిపోయేది ఈ అరగంటే. పంపుకు బదులు మిషన్లోని గ్యాసునే కాస్త వదిలి గాలిని తోసేస్తారు. అలా తోసినా పైపులో గాలీ తేమా మిగిలే ఉంటాయి. తేమ ఆయిల్‌తో కలిసి ఆమ్లమై కంప్రెసర్ వైండింగును తింటుంది. రెండేళ్లకు కంప్రెసర్ పోతే కంపెనీని తిడతాం. పైగా మండే గ్యాసును గదిలోకి వదలడం వేరే తప్పు.

బడులు తెరిచేముందు ఇళ్లు మారేవాళ్లు పాత ఏసీ విప్పిస్తారు. పేలుళ్లకు ఎక్కువ ఆస్కారం అప్పుడే. పైపుల్లోని గ్యాసును ఔట్‌డోర్‌లోకి లాగే పద్ధతి ఇది: కూలింగ్‌లో నడుపుతూ ముందు సన్న పైపు వాల్వు మూయాలి, గేజీలో ఒత్తిడి సున్నాకు దగ్గరపడగానే లావు పైపు వాల్వు మూసి, వెంటనే స్విచ్ ఆపాలి. ఆ తర్వాతే నట్లు విప్పాలి. కంప్రెసర్ తిరుగుతుండగా, వాల్వు పూర్తిగా మూయకుండా నట్టు వదులు చేస్తే అది బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఆయిల్ ఆవిరీ గాలీ కలిసి నలిగితే డీజిల్ ఇంజన్లో జరిగేదే జరుగుతుంది, కాకపోతే అక్కడ సిలిండరుకు బదులు పగిలేది మనిషి ముఖం ముందున్న ఇనప డబ్బా. లీకై గ్యాసు పోయిన మిషన్‌ను ఇలా లాగే ప్రయత్నమే చేయకూడదు. మూత తీసేవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి: ఇన్వర్టర్ ఏసీ ఔట్‌డోర్ బోర్డు మీద కరెంటు తీసేశాక కూడా 300 వోల్టుల పైన డీసీ నిలిచి ఉంటుంది, పది నిమిషాలు ఆగి మీటరుతో చూశాకే చెయ్యి పెట్టాలి. కొత్త ఇంట్లో పాత ఫ్లేర్ కోసేసి కొత్తది చేయించండి, పాత ఫాస్టనర్లు తిరిగి వాడనివ్వకండి. విప్పడానికి వచ్చిన మనిషి సంచిలో గేజీ లేకపోతే, లారీ వాకిట్లో ఆగి ఉన్నా సరే, గేజీ తెచ్చిందాకా స్విచ్ దగ్గరికి పోనివ్వకండి.

ఇట్లు,
కొందరు ఏసీ మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు,
విజయవాడ