దాడుల వార్తల్లో రంగు పేరు కూడా రాయండి

సంపాదకుల వారికి,

హోటళ్ల మీద ఆహార భద్రతా అధికారులు దాడి చేసినప్పుడల్లా పత్రికల్లో కనిపించే మాట ఒకటే: ‘సింథటిక్ రంగులు వాడుతున్నట్లు గుర్తించారు’. ఏ రంగో, ఎంత కలిపారో ఉండదు. ఆ రెండూ లేని వార్త భయపెట్టడానికి తప్ప ఎందుకూ కొరగాదు.

తినే పదార్థాల్లో ఎనిమిది సింథటిక్ రంగులకు మన చట్టమే అనుమతి ఇచ్చింది. పసుపు, నారింజ ఛాయలకు టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో. ఎరుపుకు పాన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్. నీలానికి బ్రిలియంట్ బ్లూ, ఇండిగో కార్మైన్. ఆకుపచ్చకు ఫాస్ట్ గ్రీన్. ఐస్‌క్రీం, బిస్కెట్లు, మిఠాయిల వంటి కొన్నింటిలోనే, అదీ సాధారణంగా 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద పాళ్లు) దాటకుండా వేయాలి. రెండు రంగులు కలిపినా మొత్తం అంతే. బిర్యానీలో, తందూరీ చికెన్‌లో ఇవి చిటికెడు కూడా పడకూడదు. రోడమిన్-బి, మెటానిల్ ఎల్లో, ఆరమిన్ సంగతి వేరు. అవి బట్టలకూ కాగితాలకూ వేసే రంగులు, ఏ తిండిలోనూ వాటికి చోటు లేదు.

2024 మార్చిలో ఈ రంగుల మీద కర్ణాటక ప్రభుత్వం తీసుకున్న చర్యే చూడండి. పీచు మిఠాయిలో దొరికింది రోడమిన్-బి. గోబీ మంచూరియాలో దొరికినవి టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, అంటే మిఠాయిలో వేయదగ్గ రంగులే వేయకూడని చోట వేశారు. రెండూ తప్పులే కానీ, ఒకే గాటన కట్టాల్సినవి కావు.

మిఠాయి దుకాణాల్లో అసలు చిక్కు కొలత దగ్గర వస్తుంది. 100 పీపీఎం అంటే కిలోకు 100 మిల్లీగ్రాములు, పది కిలోల లడ్డూకు ఒక్క గ్రాము. కొట్లో తూకం అంత సన్నంగా తూచదు. అందుకే గ్రాము స్వచ్ఛమైన రంగును నీళ్లలో కరిగించి 100 మిల్లీలీటర్లు చేసుకుని, కిలోకు 10 మిల్లీలీటర్లు మించకుండా పోయాలి. ఉప్పో చక్కెరో కలిపి పలచన చేసిన పొడులూ, గాఢమైన పొడులూ రెండూ బజార్లో ఉన్నాయి. ప్యాకెట్ మీద రంగు శాతం చూడకుండా రెండింటికీ అదే చెంచా వాడితే పరిమితి ఎన్నో రెట్లు దాటిపోతుంది.

‘నో సింథటిక్ కలర్స్’ అన్న బోర్డును నమ్ముకున్నా లాభం లేదు. సహజ రంగుల జాబితాలో ఉన్న బీటా కెరోటిన్ (క్యారెట్‌కు రంగునిచ్చే పదార్థం) చాలావరకు ఫ్యాక్టరీల్లో రసాయన పద్ధతిలోనే తయారవుతుంది. దానివల్ల ముప్పేమీ లేదు, బోర్డు వల్ల తెలిసేదీ ఏమీ లేదు.

కల్తీ రంగును పట్టే ఇంటి పరీక్షలనూ పత్రికల్లో సగమే రాస్తున్నారు. పసుపు పొడి మీద గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేస్తే ఎర్రబడుతుంది, మంచి పసుపైనా సరే. నీళ్లు పోశాక ఆ ఎరుపు పోకుండా నిలిస్తేనే మెటానిల్ ఎల్లోను అనుమానించాలి. కారాన్ని నీళ్లలో చల్లితే నీటిలో కరిగే రంగు చారలుగా దిగుతుంది. నూనెలో కరిగే సుడాన్ రంగులు అలా దిగవు, వాటికి ల్యాబ్ తప్పదు.

దాడిలో తీసిన నమూనా అందిన 14 రోజుల్లో ఫుడ్ అనలిస్ట్ (దాన్ని ల్యాబ్‌లో పరీక్షించే అధికారి) నివేదిక ఇవ్వాలి. నాసిరకమని తేలితే 5 లక్షల రూపాయల దాకా జరిమానా, హానికరమని తేలితే జైలు. దాడి రోజు ఫొటోతో సరిపెట్టకుండా, ఆ నివేదిక వచ్చాక అందులోని రంగు పేరు, పీపీఎం, ఏ పదార్థంలో దొరికిందో అడిగి ప్రచురించండి.

— ఒక ఆహార రసాయనశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్