బావ స్టూడియోలో పెళ్లి_0

తెనాలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. ఇక్కడంతా కులాసా. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, చిన్నాడిని బళ్లో వేశాం. నీ కాకరకాయ కారం సంగతి అత్తయ్యకి చెప్పలేదులే, భయపడకు! మిగతావి తర్వాత. ముందు ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

బావ స్టూడియోలో ఒక పెళ్లి ఫొటోలన్నిటికీ వరస నంబర్లు వేయాలి. అక్కడి కుర్రాడు ఒక బ్యాచ్ ఫైల్ రాశాడు, అంటే విండోస్‌కి ఇచ్చే కమాండ్లు వరసగా రాసిన ఫైల్. పైన ‘సెట్ ఎన్=0’, అంటే ఎన్ అనే లెక్క సున్నాతో మొదలు. కింద ఒక్కో ఫొటోకీ ఒకసారి తిరిగే ఫర్ లూప్, బ్రాకెట్ల మధ్య రెండే లైన్లు: ఎన్‌కి ఒకటి కలిపే ‘సెట్ /ఎ ఎన్+=1’, ఆ తర్వాత ఫైల్ పేరుని ‘పెళ్లి_%ఎన్%’గా మార్చే రెన్. ఎక్కడా వంక పెట్టేలా లేదు. నడిపితే మొదటి ఫొటో ‘పెళ్లి_0’ అయి కూర్చుంది, మిగిలిన ప్రతిదానికీ ఆ పేరుతో ఇంకోటి ఉందని ఒకటే గోల! పైగా లూప్ అయ్యాక ఎన్‌ని ఎకోతో తెర మీద వేయిస్తే మొత్తం ఫొటోల లెక్క సరిగ్గా చూపిస్తోంది. లోపల సున్నా, బయట అసలు లెక్క! వైరస్ అన్నాడు కుర్రాడు. కంప్యూటరే మారుద్దామన్నాడు బావ. (ఆ సీలింగ్ ఫ్యాన్ కథ గుర్తుందిగా, అదే బావ!) ఊరికే కుర్రాడి మీద కేకలేశాడు, నాకు మనసు చివుక్కుమంది.

పైనున్న ‘ఎకో ఆఫ్’ (కమాండ్లు తెర మీద కనపడకుండా చేసేది) తీసేసి మళ్లీ నడిపించా. అప్పుడు దొరికిందిరా! ఒక్కో ఫొటోకీ ఆ బ్రాకెట్ల ముక్కంతా తెర మీద పడుతోంది, అందులో శాతం గుర్తులే లేవు, అప్పటికే ‘పెళ్లి_0’ అని ఉంది. అంటే సీఎండీ (ఈ కమాండ్లు నడిపే విండోస్ ప్రోగ్రాం) మొదటి బ్రాకెట్ నుంచి చివరి బ్రాకెట్ దాకా ఒకే కమాండ్‌గా చదివి, శాతం గుర్తులున్న చోటల్లా అప్పటి విలువ నింపేసి, ఆ తర్వాతే లూప్ తిప్పుతుంది. శుభలేఖలో ముహూర్తం అచ్చయిపోయాక పంతులుగారు మార్చినా కార్డు మీద మారదు కదా, అంతే. సెట్ /ఎ మాత్రం ఎన్‌ని పేరు పెట్టి తనే వెతుక్కుంటుంది, శాతం గుర్తులతో పని లేదు. అందుకే లెక్క నిజంగానే పెరుగుతూ ఉంది.

మందు చిన్నదే. పైన ‘సెట్‌లోకల్ ఎనేబుల్‌డిలేడ్‌ఎక్స్‌పాన్షన్’ అని ఒక లైను, లోపల %ఎన్% బదులు !ఎన్!. ఆశ్చర్యార్థకాల మధ్య ఉన్నది ఆ లైను నడిచే క్షణంలో విలువ తెచ్చుకుంటుంది. విండోస్ 2000 నుంచీ ఉందిరా ఇది! నంబర్లు టకటకా పడుతుంటే కుర్రాడి మొహం చూడాల్సింది.

అన్నట్టు ఆ ఫొటోల్లో మన లెక్కల మాస్టారు కూడా ఉన్నార్రా, ముందు వరసలో, అక్షింతలు పట్టుకుని. బాగా చిక్కిపోయారు. ఒకసారి ఫోన్ చెయ్యి.

ఆ... అసలు చిక్కు చివర్లో వచ్చింది. పెళ్లికూతురి తమ్ముడు కొన్నిటికి ‘అక్క సూపర్!’ అని పేర్లు పెట్టాడు. అవి మాత్రం మారలేదు, ఫైలే లేదంది. ఆ సెట్‌లోకల్ లైను పెట్టాక పేరులోని ఆశ్చర్యార్థకాన్ని కూడా సీఎండీ మింగేస్తుంది! ఇది మామూలుగా ఆఫ్‌లో ఉండటమే మంచిదని నాకు అప్పుడనిపించింది. అందుకని పైన తీసేసి, లూప్ లోపల ముందు ‘సెట్ ఎఫ్=%%ఎఫ్’ (అప్పటి ఫొటో పేరుని చెడకుండా దాచుకోవడానికి), ఎన్ పెంచడం, ఆ తర్వాతే సెట్‌లోకల్, !ఎఫ్!తో రెన్, చివర ఆ సెట్‌లోకల్‌ని ముగించే ఎండ్‌లోకల్. వరస ముఖ్యం సుమా! ఎన్‌ని సెట్‌లోకల్ తర్వాత పెంచితే ఎండ్‌లోకల్ దగ్గర ఆ లెక్క తుడిచిపెట్టుకుపోతుంది.

ఇంకా ఒకటుంది, 001, 002 అని ముందు సున్నాలు పెట్టి మళ్లీ సెట్ /ఎకి ఇచ్చావో, దాన్ని ఎనిమిది ఆధారంగా ఉన్న అంకెలనుకుంటుంది, 08 దగ్గరికొచ్చేసరికి... బావ కింద హారన్ కొడుతున్నాడు, కవరు పోస్టులో వేయడానికి తీసుకెళ్తాడట. మిగతాది తర్వాత రాస్తా.

నీ
రాము