మాత్రల పేరు దాచొద్దు

సంపాదకులకు,

ఏటా అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, ‘దాచుకోకండి, బయటికి మాట్లాడండి’ అని అందరూ చెబుతారు. దాచితే వైద్యం ఎక్కడ ఎలా చెడుతుందో విడమరిచి చెప్పేవారు తక్కువ. కోనసీమలో మానసిక జబ్బున్నవారి ఇళ్లను దగ్గరగా ఎరిగినవాళ్లం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం.

దాపరికం మందుల స్ట్రిప్పు దగ్గరే మొదలవుతుంది. ఎవరైనా పేరు చదివి ఫోన్లో వెతుకుతారేమోనని మాత్రలన్నీ ఒలిచి పాత సీసాలో పోసి, బీరువాలో బట్టల కింద పెడతారు. ఉత్సాహం, దిగులు హద్దు మీరి మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకు ఇచ్చే సోడియం వాల్‌ప్రోయేట్ మాత్ర గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది. మన కాలవ గట్ల ఊళ్లలో, అందునా వానాకాలంలో, రేకు నుంచి తీసిన మాత్ర మెత్తబడి పాడవుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు ఏ మందో, ఎన్ని మిల్లీగ్రాములో ఎవరికీ తెలియకపోవడం.

అదే జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవారికైతే ఈ దాపరికం ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ మందు మేలు చేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య తేడా బాగా తక్కువ. రక్తంలో మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ ఉండేలా చూస్తారు. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందే పరీక్షకు రక్తం ఇవ్వాలి. దాళ్వా (రెండో పంట వరి) కోతల ఎండలో చెమటతో నీళ్లూ ఉప్పూ పోతే, మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. విరేచనాలైనా, బీపీ అని ఒక్కసారిగా ఉప్పు మానేసినా అంతే. నడుంనొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి వెళితే ఆయన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇస్తారు. అదీ రక్తంలో లిథియాన్ని పెంచేదే. ఇందులో ఆయన తప్పేముంది? లిథియం వాడుతున్నట్టు ఆయనకు ఎవరూ చెప్పలేదు. చేతులు బాగా వణికినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా, వాంతులైనా తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పెళ్లి దగ్గర దాపరికం ముదురుతుంది. సంబంధం కుదిరిందనగానే మాత్రలు మాన్పించేస్తారు. మానగానే ఏమీ కాదు కాబట్టి ఇంట్లోవాళ్లకు ధైర్యం వస్తుంది. జబ్బు తిరగబెట్టేది కొన్ని వారాలకో నెలలకో, అప్పటికి అమ్మాయి అత్తవారింట ఉంటుంది. అక్కడ దొంగచాటుగా మాత్రలు వేసుకునే అమ్మాయి పరిస్థితి ఇంకా కష్టం. గర్భిణి వాల్‌ప్రోయేట్ వాడితే బిడ్డ వెన్నుపాముకీ మెదడుకీ హాని జరగవచ్చు. అలాగని సొంతంగా ఆపేస్తే జబ్బు విరుచుకుపడుతుంది. పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి, దానికి భర్తకు సంగతి తెలిసి ఉండాలి. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన విషయం దాచి మోసంతో చేసిన పెళ్లిని రద్దు చేయమని కోర్టుకు వెళ్లొచ్చు. పరువు కోసం దాచినవారికి ఆ పరువూ దక్కదు.

డిప్రెషన్ మాత్రలది వేరే తంటా. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కడుపులో తిప్పడం మాత్రం మొదటి వారమే మొదలవుతుంది. అడగడానికి ఎవరూ లేక చాలామంది అక్కడే మానేస్తారు. నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, తర్వాత డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. సందేహం వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఎవరి కంటా పడకూడదని విశాఖో హైదరాబాదో వెళ్లి చూపించుకునేవారు రెండోసారి వెళ్లలేక మానేస్తారు. ముమ్మిడివరం, యానాం మీదుగా వెళితే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. నెలనెలా వెళ్లగలిగేదే మంచి ఆసుపత్రి.

ఊరంతటికీ చాటమని మేం అనడం లేదు. ముగ్గురికి చెప్పండి: ఇంట్లో ఒకరికి, నలతగా ఉన్నప్పుడు సూది వేసే డాక్టరుకి, పక్కింట్లో నమ్మకమైన ఒకరికి. జబ్బు పేరు, మాత్రల పేర్లు, మోతాదు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఓ కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. జబ్బు తిరగబెట్టే ముందు కనిపించే గుర్తులు కూడా రాయండి: వరసగా రెండు రాత్రులు నిద్ర లేకపోవడం, అన్నం ముట్టకపోవడం, ఉన్నట్టుండి అప్పులు చేయడం, ఇలా ఎవరివి వారికి ఉంటాయి. చేను పిచికారీకి తెచ్చి మిగిలిన పురుగుమందు ఆ ఇంట్లో ఉంచొద్దు. వేరేచోట తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర పెట్టండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే తిట్టకుండా కూర్చుని వినండి, ఒంటరిగా వదలకండి. ఆత్మహత్యకు ప్రయత్నించారంటే వారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేయొద్దు.

పత్రికలకు ఓ విన్నపం. ‘కడుపునొప్పి తాళలేక’ అని రాసే జిల్లా ఆత్మహత్య వార్తల్లో కొన్నింటి వెనక వైద్యం అందని డిప్రెషన్ ఉంటుంది. ఒక్క కారణానికే కట్టేసి రాయకండి, తాగిన పురుగుమందు పేరు వేయకండి. ‘మతిస్థిమితం లేని మహిళ’ అన్న శీర్షిక బదులు ‘చికిత్స పొందుతున్న మహిళ’ అంటే సరిపోతుంది. ఆసుపత్రిలో ఉన్నవారి ఫొటో గానీ వివరాలు గానీ వారి అనుమతి లేకుండా ఇవ్వకూడదని అదే చట్టంలోని 24వ సెక్షన్ అంటోంది. అలాంటి ప్రతి వార్త కింద 14416 నంబరు వేయండి.

— మానసిక రోగుల సంరక్షకులు కొందరు, అమలాపురం